కొత్త పిస్టల్ మీద అప్పుడే గీతలు పడ్డాయి, ఏం చేయాలి?

ప్రశ్న: లైసెన్సు వచ్చాక ఎంతో ఇష్టపడి 1911 తరహా, అంటే పాతకాలపు కోల్ట్ నమూనాలో చేసిన ఉక్కు పిస్టల్ కొనుక్కున్నాను. నల్లగా నిగనిగలాడే బ్లూయింగ్ (ఉక్కుని నల్లబరిచే ఫినిషింగ్), చెక్క పిడి. షూటింగ్ రేంజ్‌లో కాల్చింది తక్కువే. అప్పుడే ఎడమవైపు ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) మీద వంపు తిరిగిన గీత ఒకటి పడింది. స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జారే పైభాగం) ముందు అంచుల్లో నలుపు పోయి ఇనుము తెల్లగా కనిపిస్తోంది. ఖాళీ తొడుగు బయటికొచ్చే కిటికీ వెనక పసుపు చారలున్నాయి. విప్పి చూస్తే బ్యారెల్ మీద కూడా మెరిసే పట్టీలు. నా స్నేహితుడు ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టల్ ఏళ్లుగా వాడుతున్నాడు, అది ఇంకా నల్లగానే ఉంది. నాకు నాసిరకం సరుకు అంటగట్టారా? కంపెనీకి తిప్పి పంపాలా? పాలిష్ పెట్టి రుద్దితే గీతలు పోతాయా, లేక మొత్తం మళ్లీ బ్లూయింగ్ చేయించాలా? పెట్టె తెరిచినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది.

జవాబు: ముందు మీ గుండె కుదుటపడే మాట చెప్తాను. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మీ పిస్టల్‌కి ఏమీ కాలేదు, నాసిరకమూ కాదు. మీరు చెప్పిన నాలుగింటిలో పసుపు చారలు అసలు గీతలే కావు. బ్యారెల్ మీది పట్టీలు పిస్టల్ పనిచేస్తే పడి తీరేవి. స్లైడ్ అంచులు హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, వల్ల అరిగాయి. ఇక ఆ వంపు గీత, అది విప్పి బిగించేటప్పుడు చేతుల్లో పడింది, ఈ తరహా పిస్టల్ ఉన్నవాళ్లలో చాలామందికి పడేదే. పాలిష్ మాత్రం ముట్టుకోకండి. నేను చూసినంతవరకు కొత్త పిస్టళ్లు వాడకంతో పాడైనదానికన్నా ఆ చిన్న గీతని మాయం చేద్దామని కూర్చున్న సాయంత్రాల్లో పాడైనదే ఎక్కువ. గీత గోరంత ఉంటుంది, రుద్దుడు అరచేయంత చోటు తినేస్తుంది.

బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. ఇష్టపడి కొన్న వస్తువు, అందులోనూ మంచి బ్లూయింగ్ ఉన్న ఉక్కు అంటే చూడ్డానికే ఒక అందం. దాని మీద మొదటి గీత పడితే ఎవరికైనా బాధగానే ఉంటుంది, అదేం పిచ్చి కాదు. అందుకే ఒక్కొక్కటీ విడిగా మాట్లాడుకుందాం, ఏది వదిలేయాలో ఏది పట్టించుకోవాలో మీకే తెలిసిపోతుంది.

చూడబోయే ముందు ఒక్క మాట. గీతల కోసం పిస్టల్‌ని అటూ ఇటూ తిప్పుతూ కళ్ల దగ్గరగా పెట్టుకుని చూస్తాం, మజిల్, అంటే బ్యారెల్ మూతి, ఎటు ఉందో మర్చిపోయేది సరిగ్గా అప్పుడే. మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ వెనక్కి లాగి ఆపండి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా తడిమి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి వచ్చాకే మంచి వెలుతురులో కూర్చోండి. ఈ వరస ప్రతిసారీ చేయాల్సిందే, ఐదు నిమిషాల కింద చేశాను కదా అనుకోవద్దు.

ముందుగా పసుపు చారల సంగతి. తూటా పేలాక ఖాళీ ఇత్తడి తొడుగు వేగంగా బయటికొస్తుంది, వస్తూ వస్తూ కిటికీ వెనక స్లైడ్‌కి తగులుతుంది. ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన. అందుకని గీరుకునేది ఇత్తడే, ఆ గీరుకుపోయిన ఇత్తడి మీ స్లైడ్ మీద అంటుకుని చారలా కనిపిస్తోంది. అంటే ఉక్కులోంచి పోయిందేమీ లేదు, పైకి వచ్చి చేరిందే ఉంది. తుపాకీ శుభ్రం చేసే మామూలు సాల్వెంట్ కొంచెం గుడ్డ మీద వేసి ఆ చోట కాసేపు తడిగా ఉంచండి, తర్వాత నైలాన్ బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. చాలావరకు పోతుంది. మిగిలిన లేత మరక ఇంకో రెండు మూడు సార్లు శుభ్రం చేసేసరికి అదే పోతుంది, పోకపోయినా నష్టం లేదు. మళ్లీ కాల్చగానే మళ్లీ పడుతుంది కాబట్టి దీని మీద ఎక్కువ శ్రమ పెట్టకండి.

ఇప్పుడు ఆ వంపు గీత. 1911 తరహా పిస్టల్‌ని విప్పి మళ్లీ బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్ అనే మీటని ఎడమవైపునుంచి ఫ్రేమ్ రంధ్రంలోకి దూర్చాలి కదా. దాని పిన్ను ఫ్రేమ్‌లోంచి, బ్యారెల్ కింద ఉండే లింక్ అనే కన్నున్న చిన్న ముక్కలోంచి వెళ్లి అవతలికి రావాలి. పిన్ను దూరడం తేలికే. చివర్లో మీట తోక పైకి వెళ్లి తన స్థానంలో కూర్చునేటప్పుడు అక్కడ స్ప్రింగ్‌తో నొక్కుకుని ఉన్న చిన్న ప్లంజర్ అడ్డం వస్తుంది. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, మీటని కింద వేలాడేసి, ఫ్రేమ్‌కి ఆనించి, బొటనవేలితో నొక్కుతూ పైకి తిప్పుతారు. ఆ తోక కొన ఫ్రేమ్ మీద గీసుకుంటూ పోతుంది, పిన్ను ఇరుసులా ఉంటుంది కాబట్టి గీత సరిగ్గా చాపంలా వంపు తిరుగుతుంది. మీరు చెప్పిన గీత ఆకారమే దీనికి సాక్ష్యం. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు పడ్డవి కూడా ఉంటాయి. పెట్టెలోంచి తీసినప్పటి ఫొటో ఏదైనా మీ దగ్గర ఉంటే ఒకసారి చూసుకోండి.

ఇంకోసారి పడకుండా ఉండాలంటే కష్టమేం లేదు. బిగించే ముందు స్లైడ్ స్టాప్ తోక తిరిగే చోట, అంటే రంధ్రం వెనకవైపు ఫ్రేమ్ మీద, బంక మిగలని టేప్ ముక్క అంటించండి. రంధ్రంలోంచి చూస్తే లింక్ కన్ను సూటిగా కనపడాలి, కనపడకపోతే బ్యారెల్‌ని కొంచెం కదపండి, బలవంతంగా పిన్ను తోయకండి. స్లైడ్‌ని వెనక్కి లాగి దాని అంచున ఉన్న అర్ధచంద్రాకారపు గాడి మీట తలకి ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. మీట తోకని ప్లంజర్‌కి కాస్త కిందుగా, ఫ్రేమ్‌కి తగలకుండా ఎడంగా ఉంచండి. ప్లాస్టిక్ కార్డు మూలతో గానీ, కొనకి టేప్ చుట్టిన సన్నటి స్క్రూడ్రైవర్‌తో గానీ ప్లంజర్‌ని వెనక్కి నెట్టి, మీటని సూటిగా లోపలికి నొక్కండి. తిప్పడం కాదు, నొక్కడం. టక్కుమని కూర్చుంటుంది. మొదట్లో మూడు చేతులుంటే బాగుండు అనిపిస్తుంది గానీ కొన్నాళ్లకి చేయి అలవాటు పడుతుంది. ఇంకో మాట, ప్రతిసారీ పూర్తిగా విప్పాల్సిన పని కూడా లేదు. రేంజ్‌లో కొద్దిగా కాల్చి వచ్చిన రోజు పైపైన తుడిచి, బ్యారెల్ లోపల శుభ్రం చేసి, నూనె రాసినా చాలు.

పడిపోయిన గీత సంగతేమిటంటారా, గోరు పెట్టి అడ్డంగా లాగి చూడండి. గోరు ఎక్కడా తట్టకుండా జారిపోతే బ్లూయింగ్ మాత్రమే పోయిందని అర్థం. గోరు తట్టుకుంటే ఉక్కులోకి దిగింది. తట్టుకున్నా అది అందానికి సంబంధించిన లోటే, ఆ చోట ఫ్రేమ్ బలానికి ఏమీ కాదు. అయితే బ్లూయింగ్ పోయిన చోట ఉక్కు వట్టిగా ఉంటుంది కాబట్టి తేమ తగిలితే తుప్పు అక్కడే మొదలవుతుంది. మీరు దాని మీద పెట్టాల్సిన శ్రద్ధ అంతా ఇదే, నూనె తడి ఆరనివ్వకుండా చూసుకోవడం.

స్నేహితుడి పిస్టల్‌తో పోలిక పెట్టారు కదా, అక్కడే మీ బెంగ అంతా ఉందనుకుంటున్నాను, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను. రెండూ నల్లగానే ఉంటాయి గానీ ఆ నలుపులు వేరు. మీ పిస్టల్ మీద ఉన్నది రంగు కాదు, పూత కూడా కాదు. ఉక్కుని బాగా నునుపు చేసి, కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో మరుగుతున్న ద్రావణంలో ముంచుతారు. అప్పుడు ఉక్కు పైపొర తానే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. మాగ్నటైట్ అంటామే, అది. తుప్పు కూడా ఐరన్ ఆక్సైడే, కానీ అది ఎర్రగా, గుల్లగా ఉండి ఉక్కుని తింటూ పోతుంది. ఈ నల్లది అంటిపెట్టుకుని ఉంటుంది, నూనెని పట్టి ఉంచుతుంది. దాని మందం చూస్తే ఒకటి రెండు మైక్రాన్లకి మించదు, మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇంత పల్చటి పొర తోలుకి, గుడ్డకి, వేళ్లకి రోజూ రాసుకుంటుంటే అంచుల్లో పోకుండా ఎలా ఉంటుంది చెప్పండి? బ్లూయింగ్ అందం వేరు, ఓర్పు తక్కువ. తెలిసే దాన్ని ఇష్టపడతాం.

మీ స్నేహితుడిది బహుశా నైట్రైడింగ్ చేసిన స్లైడ్ అయి ఉంటుంది, ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లలో అదే ఎక్కువ. అందులో నత్రజని, కర్బనం ఉక్కు లోపలికే చొరబడి పైపొరని చాలా గట్టిగా చేస్తాయి. మామూలు ఆకురాయి కూడా దాని మీద జారిపోయేంత గట్టితనం వస్తుంది. గ్లాక్ లాంటి పిస్టళ్లకి పేరొచ్చింది కొంత దీనివల్లే. అక్కడ కూడా పైన ఉన్న నల్ల ఫినిషింగ్ హోల్‌స్టర్‌లో అరిగి బూడిద రంగు తేలడం ఉంది, కానీ కింద గట్టిపడ్డ పొర అలాగే ఉంటుంది కాబట్టి తుప్పు అంత తేలిగ్గా పట్టదు. ఇక ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద గీత పడ్డా రంగు లోపలిదాకా అదే కనక అంతగా కనపడదు. కాబట్టి మీది నాసిరకమూ, అతనిది గొప్పదీ అని కాదు. రెండింటికీ చేసిన పని వేరు, అంతే. అల్యూమినియం ఫ్రేమ్ ఉన్నవాళ్లకి ఇంకో కథ, దాని మీద ఆనోడైజింగ్ అనే పొర ఉంటుంది, అది గట్టిదే కానీ లోతుగా గీసుకుంటే కింద తెల్లటి అల్యూమినియం మెరుస్తూ బయటపడుతుంది, బ్లూయింగ్ మందులేవీ దానికి పట్టవు. సెరాకోట్ లాంటి పూతలు సుమారు 25 మైక్రాన్లు ఉంటాయి, అవి తుప్పుని బాగా ఆపుతాయి, పదునైన అంచుల్లో మాత్రం అవి కూడా అరుగుతాయి.

స్లైడ్ ముందు అంచుల్లో తెల్లబడటం హోల్‌స్టర్ పని. లోపలికి పెట్టేటప్పుడు, బయటికి తీసేటప్పుడు ముందుగా రాసుకునేవి ఆ మూలలే. తోలు మెత్తనిది కదా అనుకుంటాం కానీ అందులో చేరిన సన్నటి ఇసుక గరుకు కాగితంలా పనిచేస్తుంది. గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్‌లోనూ అంతే, దుమ్ము చేరి రెండు మూడు చోట్ల పట్టీలు పట్టీలుగా అరగదీస్తుంది. అప్పుడప్పుడూ హోల్‌స్టర్‌ని బోర్లించి దులిపి, లోపల పొడి గుడ్డతో తుడవండి. పిస్టల్ కొలతకి సరిపోని హోల్‌స్టర్ అయితే మార్చండి, వదులుగా ఉంటే లోపల ఊగుతూ ఇంకా ఎక్కువ అరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పిస్టల్‌ని తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచొద్దు. తోలు తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసేటప్పుడు వాడిన లవణాలు, ఆమ్లాలు కూడా అందులో మిగిలి ఉంటాయి. నెల తర్వాత తీసి చూస్తే తోలు ఆనిన చోటల్లా ఎర్రటి చుక్కలు ఉండొచ్చు. ఆ చుక్కలు ఉక్కులో గుంటలు చేస్తాయి, వాటితో పోలిస్తే మీ అంచుల తెలుపు అసలు లెక్కలోకే రాదు. కొన్నప్పుడు ఇచ్చిన పెట్టెలో ఫోమ్ ఉంటుంది చూశారా, అది కూడా చెమ్మని పట్టుకుంటుంది, ఎక్కువకాలం దాచడానికి అది పనికిరాదు.

బ్యారెల్ మీది పట్టీలకి వస్తే, తలుపు గడియ రాసుకునే చోట కొన్నాళ్లకి మెరిసినట్టే ఇదీ. స్లైడ్ వెనక్కి వెళ్లేటప్పుడు మీ పిస్టల్‌లో బ్యారెల్ వెనక భాగం లింక్ మీద కిందికి దిగుతుంది, ముందు భాగం స్లైడ్ ముందు చివర ఉండే బుషింగ్ అనే రింగులో జారుతుంది. బుషింగ్ తగిలే చోట పట్టీలా, వెనక పైభాగాన మచ్చలా నలుపు పోతుంది. స్లైడ్‌ని తిరగేసి చూస్తే అడుగున నడిమధ్య సన్నటి గీత కనిపిస్తుంది, అది డిస్‌కనెక్టర్, అంటే ఒక్క నొక్కుకి ఒక్క తూటానే పేలేలా చూసే చిన్న ముక్క, జారిన దారి. స్లైడ్ జారే ఫ్రేమ్ పట్టాలు తెల్లగా మెరుస్తుంటాయి. మ్యాగజైన్ పక్కన దాన్ని పట్టి ఉంచే క్యాచ్ గీసిన గీత ఉంటుంది. వీటిలో కొన్ని మీరు కొనకముందే పడి ఉంటాయి, ఎందుకంటే కంపెనీలో కాల్చి చూశాకే పెట్టెలో పెడతారు. కొత్త పిస్టల్ బ్యారెల్‌లో కాస్త మసి కనపడితే ఎవరో వాడి ఇచ్చారేమో అని గాబరా పడేవాళ్లున్నారు, అది ఆ పరీక్ష తాలూకు మసే. రివాల్వర్ ఉన్నవాళ్లు సిలిండర్ చుట్టూ పడే సన్నటి గీత గురించి ఇలాగే బెంగపెట్టుకుంటారు. సిలిండర్‌ని ఆపే చిన్న మీట, సిలిండర్ స్టాప్, గాడిలో పడబోయే ముందు సిలిండర్ మీద రాసుకుంటుంది, చాలా రివాల్వర్లకి అది మామూలే.

ఇలాంటి రాపిడి ఎలా ఉంటే మంచిదో, ఎలా ఉంటే అనుమానించాలో వేలితో చెప్పేయొచ్చు. నునుపుగా, అద్దంలా, రెండువైపులా సమంగా ఉంటే ఎత్తుపల్లాలు సర్దుకుంటున్నాయని అర్థం. మొదట్లో గబగబా కనిపించి తర్వాత దాదాపు ఆగిపోతుంది. అలా కాకుండా వేలికి గరుకుగా తగులుతూ, లోహం చిరిగి లేచినట్టు, ఒకచోట గీరి ఇంకోచోట అంటుకున్నట్టు ఉంటే అది రాపిడి కాదు, రెండు లోహాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. పట్టాల దగ్గర ఇది కనపడితే కాల్చడం ఆపండి. నూనె లేక అయి ఉండొచ్చు, కొలత తప్పి బిగుతుగా ఉండి ఉండొచ్చు. ఏదైనా కంపెనీ చూడాల్సిన పనే.

అసలు గీతల కోసం ఇంత వెతుకుతున్నారు కాబట్టి ఆ కళ్లని నిజంగా పనికొచ్చే చోట్లకి తిప్పండి. మొదటిది బ్యారెల్ మూతి. తూటా చివరగా వదిలే అంచు అది, దానికి క్రౌన్ అంటారు. అక్కడ చిన్న సొట్ట పడ్డా వెనకనుంచి తోసే వాయువు ఒకవైపు ముందుగా తప్పించుకుని గురి చెదిరే అవకాశం ఉంది. స్లైడ్ పక్కన జానెడు గీత ఉన్నా నేను పట్టించుకోను గానీ క్రౌన్ మీద ఆవగింజంత సొట్టని మాత్రం వదలను. రెండోది ఛాంబర్. లోపల గీత గానీ బర్ (లేచిన పదును ముక్క) గానీ ఉంటే బయటపడ్డ ఖాళీ తొడుగుల మీద ప్రతిదానికీ ఒకేచోట అదే గీత కనిపిస్తుంది, తొడుగు బయటికి రావడం కూడా కష్టమవుతుంది. ఈసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు నాలుగు తొడుగులు ఏరి పక్కపక్కన పెట్టి చూడండి. ఫీడ్ ర్యాంప్ మీద, అంటే తూటా మ్యాగజైన్‌లోంచి ఎక్కే వాలు మీద, మసిగీతలు, ఇత్తడి గీతలు ఉన్నా పర్లేదు, లోతుగా తవ్వుకుపోయి తూటాలు ఇరుక్కుంటుంటేనే సమస్య. ర్యాంప్‌ని మీరే నునుపు చేసే ప్రయత్నం వద్దు, దాని వాలు కోణం మారితే ఇప్పుడు బాగా ఎక్కుతున్న తూటాలు కూడా ఎక్కవు. ఇక చివరిది పగుళ్లు. గీతకి పగులుకి తేడా తెలియకపోతే ఆ చోట పల్చటి నూనె రాసి, పైన శుభ్రంగా తుడిచేసి కాసేపు ఆగండి. పగులైతే లోపల దాగిన నూనె మళ్లీ సన్నటి గీతలా ఊరుతుంది. స్లైడ్‌లో కిటికీ మూలలు, స్లైడ్ స్టాప్ గాడి చుట్టుపక్కల ఇలా చూడాలి. అనుమానం వస్తే కాల్చకుండా తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించండి.

కంపెనీకి తిప్పి పంపాలా అంటే, మీరు చెప్పినవాటికి అక్కర్లేదు. పంపినా వాడకంలో అరిగిందనే చెప్తారు, ఆ మాట నిజమే కూడా. కొన్ని విషయాల్లో మాత్రం మొహమాటపడకుండా అడగాలి. పెట్టె తెరిచేసరికే తుప్పు ఉంటే, బ్లూయింగ్ మచ్చలు మచ్చలుగా పట్టి ఉంటే, పూత గానీ నికెల్ గానీ అరగడం కాకుండా పెచ్చులుగా లేస్తుంటే, పిడి మరలు వంకరగా ఉంటే, లోపల చేతిని కోసే పదును అంచులుంటే. ఇవన్నీ తయారీ లోపాలే. ఎప్పుడైనా కొత్త పిస్టల్ తెచ్చుకోగానే ఒక్క తూటా కాల్చకముందే అన్నివైపులా, విప్పి లోపలా ఫొటోలు తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. కొనేటప్పుడే కౌంటర్ దగ్గర తీరుబడిగా చూసుకోవాలి, అమ్మేవాళ్లు తొందరపెడుతున్నా సరే. మీకు ఇప్పుడైనా మించిపోలేదు, ఈ రోజు ఎలా ఉందో ఫొటోలు తీసి పెట్టండి. రెండు మూడు నెలల తర్వాత పోల్చి చూస్తే రాపిడి ఆగిందో పెరిగిందో తేలిపోతుంది, టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

ఇన్ని చెప్పినా ఆ వంపు గీత కనపడకుండా ఏదో ఒకటి చేయాలనే ఉందనుకోండి, దానికి ఉన్నది కోల్డ్ బ్లూ. చిన్న సీసాలో ద్రవంగానో, పేస్టులానో దొరుకుతుంది. పేరు బ్లూయింగే గానీ ఇది అసలు బ్లూయింగ్ కాదు, వీటిలో చాలావాటిలో సెలీనియం, రాగి లవణాలుండి ఉక్కు మీద నల్లటి పొర వేస్తాయి. విషపదార్థం, కాబట్టి చేతులకి గ్లవ్స్ వేసుకుని గాలి ఆడే చోట కూర్చోండి. ముందుగా గీతని నూనె మిగలకుండా ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి, ఇక్కడ అశ్రద్ధ చేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. వేలి ముద్ర కూడా పడకూడదు. దూది పుల్లకి ఒక్క చుక్క అద్దుకుని గీత వెంబడే రాయండి, చుట్టూ పూయకండి. కాస్త నల్లబడగానే సీసా మీద రాసినట్టు తుడిచి కడిగి ఆరబెట్టండి. రంగు చాలకపోతే ఇంకోసారి. అయ్యాక నూనె బాగా పట్టించి ఒక రాత్రి వదిలేయండి. దూరంనుంచి చూస్తే కలిసిపోతుంది, వెలుతురు పక్కనుంచి పడితే తేడా తెలుస్తుంది. అంతకంటే ఆశించొద్దు. తుప్పునుంచి కాపాడటంలో కూడా ఇది అసలు బ్లూయింగ్‌కి సరిరాదు, నూనె మామూలుగానే రాస్తుండాలి. స్లైడ్ అంచులకి మాత్రం వేయకండి, హోల్‌స్టర్‌లో పెట్టిన కొన్నాళ్లకే మళ్లీ పోతుంది. ఇది స్టెయిన్‌లెస్ స్టీల్‌కి, అల్యూమినియానికి పట్టదు, నైట్రైడింగ్ చేసిన ఉక్కుకీ సరిగా పట్టదు, మీ స్నేహితుడు అడిగితే చెప్పండి.

పాలిష్ ఎందుకు వద్దన్నానంటే, ఇత్తడి వస్తువులు మెరిపించే పేస్టు ఏదైనా అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, అది ఒకటి రెండు మైక్రాన్ల బ్లూయింగ్‌ని క్షణాల్లో లేపేస్తుంది. గరుకు కాగితం సంగతి చెప్పక్కర్లేదు. వెనిగర్, తుప్పు తీసే ఆమ్లాలు ఇంకా ప్రమాదం, వాటికి తుప్పూ బ్లూయింగూ రెండూ ఒకటే, ముంచితే మొత్తం తెల్లబడుతుంది. రివాల్వర్ల మీద సీసం మరకలు తీయడానికి అమ్మే మందు గుడ్డలు కూడా స్టెయిన్‌లెస్‌కి మాత్రమే, బ్లూయింగ్ మీద రుద్దారో నలుపంతా గుడ్డకి వచ్చేస్తుంది. ఎక్కడైనా ఎర్రటి చుక్క కనపడితే నూనె వేసి ఒకరోజు నాననిచ్చి, గరుకు గుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ పోకపోతే 0000 నంబరు, అంటే బాగా సన్నటి స్టీల్ ఉన్ని నూనెలో ముంచి, వేలి బరువు కూడా వేయకుండా ఆ చుక్క మీదే ఆడించండి. పొడిగా ఎప్పుడూ రుద్దొద్దు.

మొత్తం మళ్లీ బ్లూయింగ్ చేయించడం ఇప్పుడైతే వద్దేవద్దు. కారణం చెప్తాను. పాత పొర తీసేసి, ఉక్కునంతా మళ్లీ నునుపు చేసి అప్పుడు ద్రావణంలో ముంచుతారు. ఆ నునుపు చేసేవాడి చేతిని బట్టే అంతా ఉంటుంది. చేయి సరిగా లేకపోతే కంపెనీ అక్షరాల అంచులు మెత్తబడతాయి, చదునైన పక్కలు గుండ్రబడతాయి, రంధ్రాల అంచులు పళ్లేల్లా జారుతాయి. ఒకసారి పోయిన ఉక్కు తిరిగి రాదు. సీరియల్ నంబరు జోలికైతే ఎవరినీ వెళ్లనివ్వకండి. చాలా దేశాల్లో ఆ అంకెలు చెరపడం, చదవలేకుండా చేయడం నేరం, కావాలని చేయలేదన్నా తలనొప్పి తప్పదు. బాగా వాడి, ఏళ్ల తర్వాత నిజంగానే రూపు పోయిందనిపించినప్పుడు లైసెన్సున్న మంచి గన్‌స్మిత్ దగ్గర, అతను చేసిన పని కళ్లారా చూశాక చేయించుకోవచ్చు. కొత్త పిస్టల్‌కి ఆ పని చేయిస్తే వారం తిరక్కుండానే అంచులు మళ్లీ తెల్లబడతాయి, అప్పుడు బాధ రెండింతలు. పాత, అరుదైన తుపాకులకైతే మొదటి ఫినిషింగ్ ఎంత అరిగినా దాన్ని ముట్టుకోకపోవడమే విలువ, సేకరించేవాళ్లు దానికే ప్రాణమిస్తారు.

రోజువారీ చేయాల్సింది చాలా చిన్న పని. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, కొందరి చేతి ముద్రలు ఒక్క రాత్రిలోనే తుప్పు తెస్తాయి. అందుకని పట్టుకున్న ప్రతిసారీ, కాల్చినా కాల్చకపోయినా, దాచేముందు బయటంతా నూనె గుడ్డతో ఒకసారి తుడవండి. నూనె కారేంత వద్దు, వేలితో రాస్తే జారుడుగా అనిపించే పల్చటి పొర చాలు. తెల్లబడ్డ అంచుల మీద, ఆ గీత మీద ఇంకోసారి వేలితో అద్దండి. పట్టాల మీద, బ్యారెల్ మెరిసే చోట్ల, లింక్ దగ్గర మాత్రం నూనె ఎప్పుడూ ఉండాలి. చాలాకాలం తీయకుండా దాచేట్లయితే మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పట్టించొచ్చు, మ్యూజియాల్లో లోహపు వస్తువులకి వాడేది అదే, నూనెలా కారిపోదు. తాళం వేసే పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, అవి చెమ్మ పట్టగానే మార్చండి లేదా వేడిచేసి ఆరబెట్టండి.

చెక్క పిడి గురించి మీరు అడగలేదు గానీ తర్వాతి గీతలు పడేది అక్కడే కాబట్టి చెప్తున్నాను. ఆ మరల తలల గాడి సన్నగా, గోడలు నిటారుగా ఉంటాయి. ఇంట్లో వాడే స్క్రూడ్రైవర్ కొన సూదిగా వాలుతూ ఉంటుంది, గాడిలో సరిగ్గా కూర్చోక పైకి జారి మర తలని కొరికి, పక్కనున్న చెక్కని కూడా గీరేస్తుంది. గాడిని నిండుగా పట్టే, తుపాకుల కోసమే చేసిన బిట్ ఒకటి కొనుక్కోండి. సాల్వెంట్లు వాడేటప్పుడు పిడి పలకలు విప్పి పక్కన పెట్టండి, లేకపోతే చెక్క మీద వార్నిష్ తెల్లబడుతుంది. చెక్కకి సొట్ట పడితే పలక విప్పి, సొట్ట మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె కొనతో కాసేపు ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి చాలావరకు పైకొస్తుంది, ఆరాక కాస్త అవిసె నూనె రుద్దండి.

ప్రస్తుతానికి మీరు సాల్వెంట్‌తో ఆ పసుపు చారలు తుడిచి, క్రౌన్, ఛాంబర్, పట్టాలు వెలుతురులో ఒకసారి చూసుకోండి. పట్టాల మీద గరుకుతనం గానీ, ఎక్కడైనా నూనె ఊరే గీత గానీ కనపడితే ఫొటోతో మళ్లీ రాయండి. లేదంటే నూనె రాసుకుని ఎప్పట్లాగే కాల్చుకోండి.